మే నెలలో పారే గెడ్డ

విశాఖలో మా అపార్ట్‌మెంటు వెనక ప్రహరీకి ఆవల ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, ఉంది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాను గానీ, గెడ్డను నేను కళ్లారా చూసింది మొన్నటి మే నెలలోనే. అంతకుముందు నాకు తెలిసింది దాని వాసన ఒక్కటే. ఆ వాసనకు మేం చేసుకున్న ఏర్పాటల్లా వెనకవైపు కిటికీలను ఏడాది పొడుగునా బిగించి ఉంచడం, అద్దెకు వచ్చేవాళ్లకు ఇల్లు చూపించాలంటే మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి తిరిగాక రమ్మనడం. పూజగది వెనకవైపే ఉండటంతో వెండి కుందులు వారం తిరక్కుండానే నల్లబడేవి. మా ఆవిడ దానికి నూనెను తప్పుపట్టేది, నేను వెండిని అనుమానించేవాణ్ణి.

మే రెండో వారంలో ప్రహరీ పునాది దగ్గర బీట కనబడిందని వాచ్‌మన్ చెబితే, ఆ ఏడాది సంఘం కార్యదర్శిని నేనే గనుక, తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని పక్క ఖాళీ స్థలంలోంచి గెడ్డలోకి దిగాను. అప్పటికి చాలా రోజులుగా చినుకు లేదు. అయినా గెడ్డ పారుతోంది. రెండు మూరల వెడల్పున, చీలమండ మునిగేటంత లోతున, బియ్యం కడిగిన నీటికి బూడిద కలిపితే ఎలా ఉంటుందో ఆ రంగులో నీరు కదులుతోంది. అడుగున నల్లటి బురదలోంచి అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేచి పగులుతోంది. మేస్త్రీ శ్రీకాకుళం వైపు మనిషి. బీట సంగతి పక్కనపెట్టి కాసేపు ఆ నీటినే చూసి, "వానల్లేవు గదండీ, మరీ నీరెక్కణ్ణుంచొస్తందండీ?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునే లోపలే, మా గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఆరంగుళాల పీవీసీ పైపు గుడగుడమని ఇంత నురగను గెడ్డలోకి కక్కింది. పైన ఎవరి ఇంట్లోనో బట్టల మిషను నీళ్లు వదిలినట్టుంది, నురగతోపాటు సబ్బు వాసన కూడా వచ్చింది.

నేను ఇక్కడ చెప్పదలచుకున్న మాట ఆ పైపు దగ్గర పుట్టింది. గెడ్డలు ముందు శుభ్రపడాలనీ, ఆ తరవాతే వాటి ఒడ్డున నడకదారులూ బెంచీలూ వేసుకోవాలనీ మనం అనుకుంటూ ఉంటాం. వినడానికి ఈ వరస సబబుగానే ఉంటుంది. నా అనుభవంలో మాత్రం ఇది తిరగబడిన వరస. మనిషి అడుగు పడని గెడ్డలోకి ఎవరు ఏ పైపు వదిలినా అడిగేవాడు ఉండడు. పదకొండేళ్లపాటు నా పైపును నేనే అడగలేదు. కాబట్టి గెడ్డ ఒడ్డున నడిచే దారిని శుభ్రం చేశాక ఇచ్చుకునే బహుమానంగా కాక, శుభ్రం చేయడానికి వేసే మొదటి అడుగుగా చూడాలని నా వాదన. దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు గెడ్డ అంటే ఏమిటో మనకు గుర్తుండాలి, ఎందుకంటే విశాఖలో గెడ్డ అన్న మాటకు అర్థమే మారిపోయింది.

గోదావరి దాటి అటు వెళితే వాగు అంటారు, ఏరు అంటారు. గెడ్డ అనే మాట ఉత్తరాంధ్రది. కొండ మీద వాన పడితే ఉరకడం, వాన వెలిశాక సన్నబడటం, ఎండాకాలంలో ఇసుకను చూపిస్తూ పడుకోవడం గెడ్డ స్వభావం. మా మామ్మది చోడవరం వైపు పల్లె. నా చిన్నతనంలో వేసవి సెలవులకు వెళ్లినప్పుడు ఆ ఊరి గెడ్డలో నీటి చుక్క కనిపించేది కాదు. మామ్మ బిందె, చెంబు పట్టుకుని గెడ్డ నడుమకు వెళ్లి, చేత్తో మూరెడు లోతున ఇసుక తోడి చెలమ తీసేది. మొదట ఊరిన మడ్డినీటిని రెండుసార్లు తోడిపోసి, మూడోసారి ఊరిన తేటనీటిని చెంబుతో బిందెలోకి ముంచేది. పైకి ఎండిన గెడ్డ కింద, ఎండ తగలకుండా, ఇసుకలోంచి వడగట్టుకుంటూ నీరు నడిచేది. ఒడ్డున మొగలి పొదలు ఉండేవి. అక్కడక్కడ మిగిలిన మడుగుల్లో బుడ్డపరకలు ఉండేవి, వాటి కోసం గుడ్డికొంగలు ఉండేవి. ఎండిపోవడం గెడ్డకు చావు కాదు, దాని ఏడాదిలో ఒక రుతువు.

మా గెడ్డ మే నెలలో పారుతోందంటే అది బతికి ఉందని కాదు, మా స్నానాల గదుల మీద బతుకుతోందని అర్థం. లెక్క వేసి చూశాను. మాది నలభై ఫ్లాట్ల భవనం, ఇంటికి నలుగురు చొప్పున నూట అరవై మంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అన్నది ఇంజనీర్లు వాడే ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందన్నదీ వాళ్లదే. ఆ లెక్కన మా ఒక్క పైపులోంచి రోజుకు పదిహేడు వేల లీటర్ల చిల్లర గెడ్డలోకి దిగుతోంది. సెప్టిక్ ట్యాంకు ఉంది కదా అంటారు. ఉంది. అది బరువైన మడ్డిని అడుగున పట్టి ఉంచుతుందే గానీ, కరిగిన కుళ్లును చాలావరకు అలాగే ముందుకు పంపుతుంది. ఆ నీటిని నేలలోకి ఇంకించే గుంత ఒకటి పక్కనే ఉండాలి. మా భవనంలో ఆ స్థలంలో కార్లు నిలుస్తున్నాయి.

ఆ నీరు గెడ్డకు ఏం చేస్తుందో చూడండి. విశాఖ వేడికి ఒక లీటరు తేటనీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ ఎనిమిది మిల్లీగ్రాములకు లోపే. ఇంటి మురుగు ఒక లీటరు కుళ్లి సద్దుమణగాలంటే దానికి కావలసిన ఆక్సిజన్ రెండు వందల మిల్లీగ్రాముల పైమాటే. అంటే ఒక లీటరు మురుగు పాతిక లీటర్ల మంచినీటి ఊపిరిని పూర్తిగా తాగేస్తుంది. వానాకాలంలో గెడ్డకు ఆ పాతిక లీటర్లు ఉంటాయి, మే నెలలో ఉండవు. ఆక్సిజన్ అయిపోయాక గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. అవి నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే, బురదను నల్లగా చేసేదీ అదే. వెండిని నల్లబరిచేదీ అదేనని చదివినప్పుడు పూజగది కుందులు గుర్తొచ్చాయి. నూనెకూ వెండికీ నేను క్షమాపణ బాకీ పడ్డాను.

విశాఖ నగరం గెడ్డల మధ్య పుట్టిన ఊరు. ఒకవైపు సింహాచలం కొండలు, ఇంకోవైపు యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి, కంబాలకొండ. వీటి మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన అంతా నాలుగైదు మైళ్ల దూరంలోనే సముద్రాన్ని చేరాలి. అందుకే ఇక్కడి గెడ్డలు పొట్టివి, వాలు ఎక్కువ, కోపం ఎక్కువ. ఊళ్ల పేర్లు ఇంకా ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి. హనుమంతవాకలో వాక అంటే ఏరే. ఆ జంక్షన్‌లో సిగ్నలు కోసం నిలబడే వందలాది మందిలో కాళ్ల కింద ఒక ఏరు పేరు ఉందని ఎందరు తలుస్తారో తెలియదు. ముడసర్లోవ, అరిలోవల్లో లోవ అంటే కొండల నడుమ పల్లం. జ్ఞానాపురం వైపు వెళితే ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ. వీటన్నిటికీ పెద్దక్క లాంటిది మేఘాద్రిగెడ్డ. దాని మీద కట్టిన జలాశయం నీళ్లు మనం తాగుతున్నాం. జలాశయం దిగువన అదే గెడ్డ విమానాశ్రయం పక్కనుంచి పోర్టులోకి వెళుతుంది. 2021 సెప్టెంబరు చివర గులాబ్ తుపాను కుండపోతకు విమానాశ్రయంలోకి నీళ్లు వచ్చాయని అందరూ ఆశ్చర్యపోయారు. గెడ్డ పల్లంలో రన్‌వే వేసిన సంగతి గెడ్డ మరిచిపోలేదు, మనమే మరిచిపోయాం.

ఆ పోర్టు ఉన్న చోట వందేళ్ల కిందట ఉప్పుటేరు ఉండేది. ఆటుపోట్లకు నిండుతూ తగ్గుతూ, మడచెట్లతో, చిత్తడి నేలతో మైళ్ల కొద్దీ పరుచుకున్న ఆ ఏటిని తవ్వి, లోతు చేసి, 1933 అక్టోబరు 7న మొదటి ఓడకు తలుపు తెరిచారు. ఊరికి ఆ పోర్టు అన్నం పెట్టింది, కాదనను. కానీ ఉప్పుటేరు అనేది మంచినీరూ ఉప్పునీరూ కలిసే బలమైన చోటు. రొయ్య పిల్లలూ, పీతలూ, సముద్రపు చేపల పిల్లలూ మడచెట్ల వేళ్ల మధ్య దాక్కుని పెరిగేవి అక్కడే. అలాంటి చోటుకు ఇప్పుడు ఊరి గెడ్డలు ఏం మోసుకెళుతున్నాయి? ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు దశాబ్దాల కిందటే లోపలి హార్బరు అడుగు బురదను తోడి చూసి, మురుగు దిగే చోట్ల తక్కిన జీవులు తగ్గిపోయి క్యాపిటెల్లా అనే సన్నటి ఎర్ర పురుగు గుంపులుగా ఉండటం గమనించారు. ప్రపంచంలో ఎక్కడైనా సరే సముద్రపు బురదలో ఆ పురుగు రాజ్యమేలుతోందంటే అక్కడ మురుగు లాంటి కుళ్లే పదార్థం చేరుతోందని శాస్త్రజ్ఞులు గుర్తుపడతారు. ఎన్ని యంత్రాలు పెట్టి కొలిచినా అంతకంటే సూటిగా చెప్పవు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన మాట చెప్పాలి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా వేస్తే అందులో విశాఖపట్నం ఉంది. అప్పటి నుంచి మనకు కాలుష్యం అంటే గొట్టాలున్న ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీల తప్పు తక్కువేమీ కాదు, వాటిని వదలమనీ అనడం లేదు. అయితే ఆ వేలు చూపే అలవాటు మనకు ఒక సౌకర్యాన్ని ఇచ్చింది: గెడ్డ కంపు కొడితే ఎక్కడో ఎవరో చేసిన పని అనుకోవచ్చు. ఆ ఎవరో దొరకనప్పుడు గెడ్డవార పాకల్లో ఉన్నవాళ్లు దొరుకుతారు. మా సంఘం సమావేశంలో కూడా మొదట వినిపించిన మాట, "వాళ్లే కదండీ అన్నీ అందులో పారేసేది" అని. ప్లాస్టిక్ కవర్లు పారేస్తున్నారు, నిజమే, అక్కడికి చెత్తబండి దిగదు. నీళ్ల సంగతి వేరు. వీధి కుళాయి నుంచి బిందెలతో నీళ్లు మోసుకునే ఇల్లు ఎంత మురుగును వదలగలదు? మా భవనం ఒక్కటే ఆ వరస పాకలన్నిటికంటే ఎక్కువ వదులుతుంది. పెద్దవాన వచ్చినప్పుడు మాత్రం మా మురుగుతో సహా గెడ్డ పొంగేది వాళ్ల పొయ్యిల్లోకి.

ఇక నడకదారి సంగతి. విశాఖ మనిషికి విహారం అంటే సముద్రం. సాయంత్రమైతే ఆర్కే బీచికి, ఆదివారమైతే రుషికొండకు, చుట్టాలొస్తే కైలాసగిరికి. 2020లో రుషికొండ తీరానికి, శుభ్రమైన బీచిలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు నేనూ సంతోషించాను. కానీ తీరం అనేది గెడ్డలు వచ్చి ఆగే చోటు. స్నానానికి పనికొచ్చే నీటిలో మలసంబంధ కోలిఫారాలు, అంటే మలంతో చేరే సూక్ష్మజీవులు, ఒక సంఖ్య దాటకూడదని మనకు నిబంధన ఉంది. ఆ సంఖ్య తేలేది ఇసుక మీద కాదు, ఊరి నడుమ, ఎవరూ తొంగిచూడని గోడల మధ్య. బీచిని రోజుకు రెండుసార్లు ఊడ్చి, గెడ్డను గోడల మధ్య పెట్టి వదిలేయడం వాకిట్లో ముగ్గు వేసి వంటిల్లు కడగకపోవడం లాంటిది.

గెడ్డలను బాగుచేయడం అంటే మన దగ్గర ఇన్నాళ్లుగా జరిగింది మూడు పనులు: రెండువైపులా రిటైనింగ్ వాల్, అడుగున కాంక్రీటు, వీలైతే పైన పలక. గోడ కడితే వరద ఆగుతుందంటారు. చోటు ఇరుకైన దగ్గర గోడ తప్పకపోవచ్చు. కానీ అడుగున కాంక్రీటు పోశాక నీరు ఇంకదు, ఇసుక నిలవదు, చెలమ ఊరదు, జమ్ము మొలవదు. పైనుంచి పడ్డ వాన అంతా ఒకే ఊపులో దిగువకు చేరి, పైవాళ్లకు తప్పిన వరద కిందివాళ్ల పాలవుతుంది. పలక వేయడం ఇంకా దారుణం. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు, పూడిక తీయడానికి మనిషిని దించితే విషవాయువు. కప్పేసిన గెడ్డ మీద పార్కింగు చేసుకునేవాడికి కింద ఏరు ఉందని గుర్తుచేసేది మళ్లీ తుపానే.

ఈ మధ్య ఇంకో రకం ఉత్సాహం వచ్చింది. ఒడ్డున రంగుదీపాలు పెట్టి, అడ్డంగా చిన్న కట్టలు వేసి, ఏడాది పొడుగునా నీళ్లు నిలబెట్టి, పడవలు తిప్పుదామంటారు. సియోల్ నగరంలో 2005లో ఫ్లైఓవరు కూల్చి వెలికితీసిన చొంగ్యేచొన్ ఏటిని ఉదాహరణగా చూపిస్తారు. ఆ పని గొప్పదే, కానీ అందులో మెరిసే నీరు చాలావరకు హాన్ నది నుంచి పంపులతో తోడి వదులుతున్నది. మనకు తాగడానికే నీళ్లు దూరాల నుంచి వస్తున్నప్పుడు గెడ్డకు అలంకారంగా నీళ్లు ఎక్కడినుంచి తెస్తాం? కట్ట వేసి నిలబెడితే నిలబడేది మురుగే, దాని మీద పెరిగేది గుర్రపుడెక్క, దాని కింద పుట్టేది క్యూలెక్సు దోమ. నేను కోరేది అంతకంటే చాలా చవకైనది. మే నెలలో మా గెడ్డ ఎండాలి. ఎండిన ఇసుక మీద పిల్లలు క్రికెట్ ఆడాలి. జూన్‌లో వాన పడగానే స్టంపులు తీసుకుని గట్టెక్కాలి.

దానికి ఒడ్డున ఒకవైపు నాలుగడుగుల మట్టిదారి చాలు. గట్టు జారకుండా మొగలి, కానుగ, వెదురు చాలు. వీధి చివర గెడ్డలోకి దిగే మెట్లు చాలు. అభ్యంతరాలు ఉన్నాయన్నాను: మురుగు పక్కన పిల్లలను తిప్పుతావా అని మా పక్కింటాయన నిలదీశారు. నీటిలో చెయ్యి పెట్టనివ్వకూడదు, అది నిజం, అందుకు కంచె కావాలంటే నడుమెత్తు కంచె వేయండి, చూపుకు అడ్డం రానిది. రాత్రిపూట తాగుబోతులు చేరతారన్నారు. ఇప్పుడూ చేరుతున్నారు, చూసేవాళ్లు లేక. అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది, అది ఎవరూ అడగలేదు, నాకే తోచింది. దారి పేరు చెప్పి ముందుగా గెడ్డవార పాకలను ఖాళీ చేయిస్తారు. ఆ తరవాత దారి వస్తుందో రాదో గానీ పాకలు పోతాయి. ఈ భయానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. వాళ్లతో మాట్లాడకుండా గీసిన దారిని నేను సమర్థించను అన్నంతవరకే చెప్పగలను. గెడ్డ ఏ గంటకు ఏ రంగులో పారుతుందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మా పైపు సంగతి కూడా వాళ్లకు ముందే తెలుసు. గోడ అవతల కిరాణా కొట్టు పెట్టుకున్న ఆమెను అడిగితే, "మీది పొద్దున్న ఏడింటికి జోరుగొస్తాది బాబూ, ఆదివారమైతే తొమ్మిదికి," అంది.

ఆ మే నెల తరవాత నేను వారానికి రెండు ఉదయాలు గెడ్డ వెంట నడవడం మొదలుపెట్టాను, గట్టు ఉన్నంత మేర. మూడు నెలల్లో కాగితం మీద పైపుల పటం ఒకటి తయారైంది. ఎగువన కల్వర్టు దాకా రెండు ఫర్లాంగుల దూరంలో పదిహేడు గొట్టాలు లెక్కకు వచ్చాయి. వాటిలో వాన నీటికి వేసినవి నాలుగు. ఒక చోట మురుగు రాని కాస్త మేరలో జమ్ము దుబ్బు పెరిగింది, అందులో జమ్ముకోడి పిల్లలతో తిరుగుతోంది. కల్వర్టు కింద తీగ మీద ఒక లకుముకి పిట్ట వాలేది. ఆ నీటిలో దానికి ఏం దొరికేదో అర్థం కాదు గానీ నేను వెళ్లినప్పుడల్లా ఉండేది. నాతోపాటు నడవడానికి మొదట ఒక రిటైర్డు మాస్టారు, తరవాత ఆయన మనవరాలు వచ్చారు. ఆ పాపే పద్దెనిమిదో గొట్టాన్ని కనిపెట్టింది.

మా పైపు విషయానికి వస్తే, వీధిలో యూజీడీ లైను, అంటే భూగర్భ మురుగు కాలువ, వచ్చి నాలుగేళ్లయిందట. కలుపుకోవడానికి దరఖాస్తు పెట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డిపాజిట్టు, రోడ్డు తవ్వకం, కొత్త చాంబరు, ప్లంబరు కూలి అన్నీ కలిపితే ఫ్లాటుకు పదకొండు వేలు తేలింది. లిఫ్టుకు కొత్త అద్దం బిగించడానికి ఒక్క పూటలో ఒప్పుకున్న సంఘం దీనికి ఐదు సమావేశాలు తీసుకుంది. "అందరూ వదులుతున్నారు, మనం ఒక్కళ్లం ఆపితే గెడ్డ బాగుపడుతుందా?" అన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వచ్చింది. నాలుగో సమావేశానికి వాదించడం మానేసి, జవాబుగా వాళ్లను వెనక్కి తీసుకెళ్లాను, చెప్పులు విప్పొద్దని చెప్పి. పన్నెండు మంది వచ్చారు. ఏడున్నర వేళ పైపు మా కళ్ల ముందే తన పని తాను చేసింది. ఎవరూ ఏమీ అనలేదు గానీ, నాలుగో అంతస్తు ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇది మా వంటింటి పసుపు నీళ్లలా ఉందండీ," అన్నారు.

డిసెంబరులో కనెక్షను ఇచ్చారు. పైపు నోటికి మూత బిగించి, చుట్టూ సిమెంటు పెట్టారు. దాని కింద గెడ్డ మాత్రం ఎగువ పైపుల నీటితో ముందులాగే పారుతోంది, వాసన తగ్గిందని అబద్ధం చెప్పలేను. కుందులు మాత్రం ఇప్పుడు పది రోజులకు నల్లబడుతున్నాయని మా ఆవిడ అంటోంది. మూడు ఫ్లాట్ల వాళ్లు ఇంకా పదకొండు వేలు కట్టలేదు.